డేగకళ్ల పెద్దాయన

డిటెక్టివ్ ఆ కొండ మీది అడవికి వచ్చింది నాలుగు రోజులు మబ్బుల్లో తిరిగిపోదామని. రెండో రోజు పొద్దున్నే అక్కడి గైడ్ ఏడుపు ముఖంతో వచ్చి గెస్ట్‌హౌస్ తలుపు తట్టింది.

"ఆ కొమ్మ నేను నరకలేదు సార్. నన్ను మీరే కాపాడాలి."

అడవికి పేరు తెచ్చిన నీలిపిట్ట గూటికి మరుగుగా ఉన్న నాచు కొమ్మను ఎవరో నరికేశారు. కాకులు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. జిగురంటిన కత్తి గైడ్ ఇంట్లోనే దొరికింది. సాయంత్రంలోగా నిజం తేలకపోతే ఆమె లైసెన్సు రద్దు చేస్తానన్నాడు పార్కు ఆఫీసరు.

డిటెక్టివ్ వెంట వచ్చిన అసిస్టెంటు అనుమానమంతా గూడు ఫోటో కోసం పడిగాపులు కాస్తున్న ఫోటోగ్రాఫరు మీదే. డిటెక్టివ్ మాత్రం చెట్టు చుట్టూ తిరిగాడు. తెగిన చోటుకు పైనా కిందా మాను నిండా కత్తిగాట్లే. అక్కణ్నుంచి గైడ్ ఇంటికెళ్తే ఆమె తండ్రి టీ ఇచ్చాడు. గైడ్‌గా చేసి రిటైరైన ఆయన్ని అందరూ డేగకళ్ల పెద్దాయన అంటారు. గ్లాసు అంచులోపల వేలు పెట్టి, టీ వేలికి తగలగానే పోయడం ఆపాడు. టీ బావుందన్న సంగతి తప్ప అసిస్టెంటు ఇంకేమీ గమనించలేదు.

నలుగురినీ కూర్చోబెట్టి చెబితే గానీ డిటెక్టివ్‌కు తిన్నది అరగదు. సాయంత్రం గెస్ట్‌హౌస్ హాల్లో అందర్నీ పోగేశాడు.

"పెద్దాయనా, ఆ కిటికీ బయట కొమ్మ మీద వాలిందే, అది ఏం పిట్ట?"

"అదా? బుర్రపిట్ట. ఆడది," అన్నాడు పెద్దాయన తడుముకోకుండా.

కిటికీ బయట మబ్బు తప్ప ఏమీ లేదు.

"కళ్లు కనిపించే వాళ్లు కొడితే కత్తి అన్నిసార్లు గురి తప్పదు," అన్నాడు డిటెక్టివ్. గెలిచానన్న సంతోషం ఆ మాటతోనే చచ్చిపోయింది.

పెద్దాయన తల వంచుకున్నాడు. "కొమ్మ అడ్డు లేకపోతే గూడు కనిపిస్తుందేమో అనుకున్నాను. అయినా కనపడలేదు. చూపు పోయిందని చెప్పుకోలేక, నా బిడ్డను అందరూ అంటుంటే నోరు మూసుకు కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా."

కూతురు వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది.

"అందరూ ఇంకా నన్నే చూస్తున్నారా?" అని అడిగాడాయన.

ఆమె అందరి వంకా చూసి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

"లేదు నాన్నా. ఎప్పుడో వెళ్లిపోయారు."

డిటెక్టివ్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. అందరికంటే ముందు ఆయనే చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.