మాటకాటా

చన్నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టీ పెట్టగానే అప్పలకొండ మొదలెట్టింది. "ఒసే మరదలా, నీ దుంప తెగ, రొయ్యని ఒలుస్తున్నావా, జోల పాడి నిద్రపుచ్చుతున్నావా?"

ఆమె మెడలోని మాటకాటా ఎర్రగా వెలిగింది. బల్ల చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. నీ నోరు పడిపోను ఒదినా అని నూకరత్నం బదులిచ్చింది. ఆమె కాటా కూడా ఎర్రబడింది.

కాకినాడ తీరంలోని ఆ రొయ్యల షెడ్డులోకి మాటకాటాలు వచ్చి రెండేళ్ళయింది. గోళీకాయంత బిళ్ళ. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎంత గొంతుతో అన్నారో తూచి, ఆ ఇద్దరి మధ్య సఖ్యత ఎంతో తేలుస్తుంది. మన్నన ఉంటే ఆకుపచ్చగా, తిట్టుంటే ఎర్రగా వెలుగుతుంది. అంతకుముందు మేస్త్రీ దయ ఉన్నవాళ్ళకే పని. ఆయన ఇంటికి చేపలు మోసినవాళ్ళకే ఆ దయ. ఇకమీదట మనిషి ఇష్టాయిష్టాలు చెల్లవు, రుజువుంటేనే నిర్ణయం అని కంపెనీవాళ్ళు చెప్పిన రోజున అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నూకరత్నమే.

ఆ మధ్యాహ్నం ఆమెను ఆఫీసుకి పిలిచారు. సిబ్బంది అధికారి విలాసిని కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చింది. అప్పలకొండ ఆమెను వేధిస్తున్నట్టు రుజువైందనీ, పనిలోంచి తీసేశామనీ, ఇక భయపడనక్కర్లేదనీ మెల్లగా చెప్పింది.

నేనూ తిట్టాను కదా అంది నూకరత్నం. ముందు అన్నది దాడి కింద, తర్వాత అన్నది ఆత్మరక్షణ కింద లెక్కట.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. తామిద్దరూ వరసకి వదినా మరదళ్ళమనీ, ఆ తిట్లు ఆగిపోయిన రోజునే ఏదో తేడా వచ్చినట్టనీ చెప్పింది. తన మొగుడు పడవతోపాటు మునిగిపోయినప్పుడు ఊరంతా అయ్యో అని ఎవరి దారిన వాళ్ళు పోతే, అప్పలకొండ ఒక్కతే కంచం ముందు పెట్టి, "తిని చావవే" అని తిట్టి తిట్టి ముద్దలు మింగించిందనీ చెప్పింది.

"చావమని అన్నారా?" విలాసిని వేళ్ళు తెరమీద కదిలాయి.

"నువ్వు తెలుగుదానివి కాదా అమ్మా? మీ ఇంట్లో వదినల్లేరా?"

విలాసిని తెరమీంచి వేళ్ళు తీసింది. "ఉన్నారు. నాకు తెలుసు రత్నంగారూ. కానీ నాకు తెలిసింది రుజువు కాదు."

నూకరత్నం బల్లమీద గుద్దింది. తెలిసి కూడా ఒకరి నోటి దగ్గర కూడు తీస్తావా అని షెడ్డంతా వినపడేలా అరిచింది. గోడమీది తెరలో ఆమె గొంతు గీత నిట్టనిలువునా లేచి, కింద అక్షరాలు పడ్డాయి. అదేం రాసిందని అడిగితే విలాసిని ఎటో చూస్తూ చదివింది. బాధితురాలిలో తీవ్రమైన భయం కనిపిస్తున్నది. నిర్ణయం సరైనదే.

నూకరత్నం గేటుకి పరుగెత్తింది. బిళ్ళ గేటు దగ్గరే అప్పగించాలి కాబట్టి అప్పలకొండ ఇంకా అక్కడే వరసలో ఉంది. ఆమెకి ఆ బిళ్ళే కబురు వినిపించిందట, నూకరత్నంగారి రక్షణ కోసం మిమ్మల్ని తొలగిస్తున్నాం అని.

"ఒదినా, నేను ఫిర్యాదు చెయ్యలేదు. నా మీద ఒట్టు. వాళ్ళే లెక్కగట్టుకున్నారు."

అప్పలకొండ ఆఫీసు తలుపు వైపు చూసింది. ఇప్పుడే అందులోంచి వచ్చిన నూకరత్నాన్ని చూసింది.

"తిట్టవే ఒదినా. ఒక్కమాట తిట్టు."

అప్పలకొండ పైట భుజం చుట్టూ కప్పుకుని, కొత్తవాళ్ళకి దారిచ్చినట్టు పక్కకి జరిగింది.

"మీరు లోపలికి వెళ్ళండి. మీకు పనికి ఆలస్యమవుతుంది."

రెండేళ్ళలో మొదటిసారి ఆమె మెడలో కాటా పచ్చగా వెలిగింది. ఆ మాట మన్నన అందుకుని నూకరత్నం కాటా కూడా వెలిగింది. అప్పలకొండ తన బిళ్ళ తీసి గేటు కాపలావాడి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నూకరత్నం తన మెడలోదాన్ని పిడికిట పట్టి లాగింది. తాడు తెగలేదు. వేళ్ళ సందుల్లోంచి పచ్చటి వెలుగు వస్తూనే ఉంది.