నాలుగో ఆప్షన్ చదవని కంప్యూటర్

"మూడుసార్లు 'ఇక్కడ కాదు' అన్నది మీరేనా?"

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. బయట వాన దంచికొడుతోంది. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి జడలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె గుండెలకి హత్తుకున్న లాప్‌టాప్ మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో పొడిగా, హాయిగా ఉంది.

ఎవరెవరో స్వచ్ఛందంగా రాసిన వందలాది సాఫ్ట్‌వేర్లను ఒకచోట కూర్చి ఉచితంగా అందించే పెద్ద ప్రాజెక్టు ఆ ఆఫీసుది. దేంట్లో ఏ తప్పు, అంటే బగ్గు, కనబడినా జనం నేరుగా అక్కడికే రాసేస్తారు. ఆ రిపోర్టులు చూసి, ఏది ఎక్కడికి వెళ్లాలో చెప్పడం అతని ఉద్యోగం. వచ్చినవాటిలో చాలావాటిని తిప్పి పంపేస్తాడు కాబట్టి ఆఫీసులో అతని ముద్దుపేరు 'గేటు'.

"ఏ బగ్గండీ?" అన్నాడు.

"నాలుగో ఆప్షన్ చదవని బగ్గు. అంధుల లైబ్రరీ నుంచి రాశాను. నేనక్కడ లైబ్రేరియన్ని."

గుర్తొచ్చింది. "అది మాది కాదండీ. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వేరే వాళ్లది. వాళ్లకి చెప్పాలి."

"చెప్పాను. 'మాకు అందింది మేం చదువుతాం, అందకపోతే మా తప్పు కాదు' అన్నారు. మళ్లీ మీకు రాశాను. మీరు మళ్లీ..."

"ఇక్కడ కాదన్నాను," అని నసిగాడు.

పక్క కుర్చీల్లో నలుగురూ నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడుతున్నారు.

"ఒంట్లో బాగోలేక ఆస్పత్రికి వెళ్లినవాళ్లకి ఏ డాక్టరుని చూడాలో ముందే తెలిసుండాలా? గుమ్మంలో కూర్చున్నవాళ్లు చెప్పొద్దూ?" ఆమె ఇంకో అడుగు లోపలికి వేసింది. "తొమ్మిది రోజుల్లో పరీక్ష. మా లైబ్రరీలోనే, అక్కడి కంప్యూటర్ల మీదే, పరీక్ష పెట్టేవాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్‌లోనే. పదమూడు మంది రాస్తున్నారు, అందులో మా అన్నయ్య ఒకడు. కంప్యూటర్ ప్రశ్న చదువుతుంది, మూడు ఆప్షన్లు చదువుతుంది, నాలుగోది మింగేస్తుంది. వినపడని దాన్ని వాళ్లెలా ఎంచుకుంటారండీ?"

అతను లేచి తన కుర్చీ ఆమెకి జరిపాడు.

ఆమె సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. మోడల్ పేపరు ఎప్పుడు తెరిచింది, ఏం నొక్కింది, ఏం వినిపించాలి, ఏం వినిపించింది, అన్నీ వరసగా రాసుకుంది. నలభై ఒక్కసార్లు పరీక్షించింది. ఆప్షన్లు గళ్లలో ఉంటేనే చివరిది పోతోంది. విడివిడి లైన్లుగా ఉంటే పోవట్లేదు. అదే పేపరు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నాలుగూ చక్కగా వినిపిస్తున్నాయి.

ఆ చివరి వాక్యం దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"ఇది... మీరు రిపోర్టులో రాశారా?"

"మూడుసార్లూ రాశాను. కింద, చివర్లో."

అతని చెవులు ఎర్రబడ్డాయి. వేరే దాంట్లో సరిగ్గా చదువుతోందంటే చదివే సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. పేపరు తెరిచే సాఫ్ట్‌వేరే చివరి గడిని అందించట్లేదు. రిపోర్టు వెళ్లాల్సింది ఆ డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల దగ్గరికి. జవాబు ఆమె ఎప్పుడో కనిపెట్టేసింది. అతను చివరిదాకా చదివిన పాపాన పోలేదు.

"తప్పు నాదేనండీ. మొదటి నాలుగు లైన్లు చూసి మూసేశాను. క్షమించండి."

పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఈ మాటతో ఏం చేయాలో తోచలేదు. "సరే... తుడుచుకోడానికి ఏమైనా ఉందా?" అంది, జడ చూపిస్తూ.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొత్త రిపోర్టు రాశారు. అతను ఎక్కడికి పంపాలో చెప్పాడు. ఎలా చెప్పాలో ఆమెకే బాగా తెలుసు. ఒక్క మాట ఎక్కువ రాయదు, ఒక్క మాట తక్కువా రాయదు.

"మీ పేరుతో పంపండి, మీరైతే వింటారు," అంది.

"కనిపెట్టింది మీరు. మీ పేరే ఉండాలి."

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి నేరుగా చూసింది. వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరూ గమనించలేదు.

మర్నాడే జవాబు వచ్చింది. ఎక్కడో దూరాన ఉన్న ప్రోగ్రామర్ రాశాడు: "ఇంత స్పష్టమైన రిపోర్టు ఈ ఏడాదిలో చూడలేదు. తప్పు మాదే." ఐదో రోజుకి సరిచేసిన సాఫ్ట్‌వేర్ చేతికొచ్చింది. అతను స్వయంగా లైబ్రరీకి వెళ్లి అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించాడు. ఆమె అన్నయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. నాలుగో ఆప్షన్ చెవిన పడగానే బల్లమీద చరిచి, "వచ్చిందే!" అని అరిచాడు. ఆమె గిరుక్కున కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. అతను అదంతా చూసి, చూడనట్టు వైర్లు సర్దాడు.

ఆ రోజు నుంచి అతను ఏ రిపోర్టునీ చివరిదాకా చదవకుండా మూయలేదు. తమది కానివాటిని తనే సరైన చోటికి, రాసినవాళ్ల పేరుతో చేర్చేవాడు. "గేటుకి తుప్పు వదిలింది," అన్నారు ఆఫీసులో. "లైబ్రరీలో ఇంకేం బగ్గులు లేవా?" అని రోజూ ఆటపట్టించేవారు. లేవు. అదే అతని బాధ.

ఫలితాలొచ్చాయి. అన్నయ్య పాసయ్యాడని ఆమె మెసేజ్ పెట్టింది. కంగ్రాట్స్ ఫోన్లో చెప్పొచ్చు. కానీ అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని లైబ్రరీకే బయల్దేరాడు.

ఆమె రికార్డింగ్ గదిలో, చూపులేని పాఠకుల కోసం, మైకు ముందు ఏదో పుస్తకం పైకి చదువుతోంది. అతన్ని చూసి లోపలికి రమ్మని సైగ చేసింది.

"ఏమైంది? మళ్లీ ఏదైనా పాడైందా?"

"లేదండీ. అన్నీ బావున్నాయి. నేనే..." గొంతు సవరించుకున్నాడు. "నలభై ఒక్కసార్లు ఓపిగ్గా పరీక్షించిన మనిషిని నేనెక్కడా చూడలేదు. అదీ తనకోసం కాదు, పదమూడు మందికోసం. ఆ నోటుపుస్తకం చూసినప్పట్నుంచి నాకు మీరంటే ఎంతో గౌరవం. గౌరవమే కాదు... అదే... మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె చెంపలు కెంపులయ్యాయి. ఏదో చెప్పబోయి, చటుక్కున మైకు వైపు చూసింది. దాని మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

గోడకున్న స్పీకర్లోంచి అన్నయ్య గొంతు వినిపించింది. పక్క గదిలో కూర్చుని రికార్డింగులు విని సరిచూసేది ఆ అన్నయ్యే.

"రికార్డింగ్ బ్రహ్మాండంగా వచ్చింది బావగారూ! కాకపోతే అంతా మీ గొంతే. మా చెల్లి ఏమందో వినపడలేదు."

అతనికి నేల చీలితే బావుణ్ననిపించింది. ఆమె నవ్వు ఆపుకోలేక రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. కాసేపటికి చేతులు తీసి, మైకు దగ్గరికి వంగి, అతన్నే చూస్తూ, ప్రతి అక్షరం స్పష్టంగా పలికింది.

"నాకూ ఇష్టమే అన్నయ్యా. సరిగ్గా వినపడిందా?"

"వినపడింది. దీన్ని చెరపొద్దు," అన్నాడు అన్నయ్య. "సాయంత్రం అమ్మకి వినిపించాలి."