మొదటి ఎపిసోడ్‌లో అమ్మ

పొద్దున్నే ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు మొదలైంది. టైలరమ్మ ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. వానకి తడిసిన మెట్లు ఇంకా ఆరలేదు.

కూతురు ఆటో దిగి గబగబా లోపలికి వచ్చింది. బ్యాంకు ఉద్యోగం మానేసి టీవీకి కథలు రాస్తానని పట్టుబట్టిన పిల్ల. ఆమె రాసిన కామెడీ సీరియల్ మొదటి ఎపిసోడ్ నిన్న సాయంత్రమే వచ్చింది. స్టూడియోలో అందరితో కలిసి చూసి, స్నేహితురాలింట్లో పడుకుని, తెల్లారగానే అమ్మ ఏమంటుందో వినాలని వచ్చేసింది.

"చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది తల్లి, తలెత్తకుండా.

కూతురి మొహం వాడిపోయింది. ఒంటికి అతకని చొక్కా వేసుకుని అద్దం ముందు మురిసిపోయేవాళ్ళతో అమ్మ అనే 'బాగుంది' అది.

"నేను నీ కస్టమర్ని కాదమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు."

తల్లి మిషను ఆపింది. "అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆ పక్కింటాయన అరుపులు భరించలేకపోయాను. గొంతు పెంచితే నవ్వొస్తుందని మీకెవరు చెప్పారే? మొదటి పది నిమిషాలూ సాగదీశారు."

"ఒక్కటీ నచ్చలేదా?"

"ఎందుకు నచ్చలేదూ! అత్తాకోడళ్ళు అలిగి, ఒకే సోఫాలో కూర్చుని పిల్లితో చెప్పినట్టు ఒకరికొకరు చెప్పుకుంటారు చూడు, అక్కడ పడీపడీ నవ్వాను. టీ అంతా చీర మీద ఒలికింది."

కూతురు ఊపిరి పీల్చుకుంది. ఇంకేదో అడగబోయేంతలో గుమ్మంలో జిరాక్స్ బాబాయి ప్రత్యక్షమయ్యాడు. ఎదురు దుకాణం ఆయనది.

"ఏమ్మా రచయిత్రీ! ఇరగదీశావు! ముసలావిడ చనిపోయిన మొగుడి నంబరుకి అలవాటుగా ఫోన్ చేసి సరుకులు చెబుతుంది, అవతల ఎవడో కుర్రాడు 'పప్పు కిలోనా, అరకిలోనా అమ్మా' అంటాడు చూడు... మా ఆవిడైతే నవ్వలేక కింద కూర్చుండిపోయింది. ఎక్కణ్ణుంచి పుట్టిస్తావే ఇలాంటివి?"

టైలరమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. బాబాయి ఇద్దరివంకా చూసి, "దుకాణంలో ఎవరో వచ్చినట్టున్నారు" అంటూ జారుకున్నాడు.

కూతురు వెనకాలే వెళ్ళింది. తల్లి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

"అమ్మా..."

"ఆయనకి తెలియదు కనుక నవ్వాడు. నీకు తెలుసుగా? మీ నాన్న చనిపోయిన ఏడాది, చేతిలో పనుండి, అలవాటు కొద్దీ నంబరు నొక్కి 'వచ్చేటప్పుడు నల్లదారం తీసుకురండి' అన్నాను. ఎవరో 'ఎన్ని రీళ్ళమ్మా' అన్నాక కదా నాకు స్పృహ వచ్చింది! ఆ మాట నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేదు. దాన్ని తీసుకెళ్ళి వీధిలో పెడతావా?"

"దారం తీసేసి సరుకులు పెట్టానమ్మా. ఎవరికీ తెలియకూడదని..."

"నాకు తెలుస్తుందిగా!"

కూతురు స్టూలు మీద కూలబడింది. "నువ్వు చెప్పిన రోజు నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. నాన్న గురించి మామూలుగా రాయబోతే ఏడుపు తన్నుకొచ్చి ఒక్క వాక్యం కూడా సాగలేదు. నవ్వుల్లో పెడితేనే రాయగలిగాను. కానీ నిన్ను అడక్కుండా రాయడం తప్పే. అడిగితే వద్దంటావని భయపడ్డాను."

తల్లి కుళాయి కట్టేసింది.

"నా కోపం నీ మీద కాదే. అది చూసి నేనూ నవ్వాను. ఆ కుర్రాడు పప్పు సంగతి అడగ్గానే ఫక్కున నవ్వొచ్చేసింది. ఇన్నాళ్ళూ ఆ సంగతి గుర్తొస్తే ఏడవడమే తెలుసు నాకు. నవ్వాక భయమేసింది. ఆయన్ని మరిచిపోతున్నానేమో అనిపించింది."

కూతురు లేచి వెళ్ళి తల్లి తడిచేతులు పట్టుకుంది. "నాన్న ఉంటే ఏం చేసేవాడు?"

"ఏముందీ, టిక్కెట్లు కొడుతూ బస్సులో ఎక్కినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. స్టాపు కూడా దాటించేసేవాడు." ఆ మాట అంటూనే టైలరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మధ్యాహ్నం దుకాణానికి తలుపేసి, యాప్‌లో అదే ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకుని ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. ఫోన్ సీను వచ్చింది. ఆవిడ ఫోన్ పెట్టేసిందో లేదో, పక్కింటాయన ఊడిపడి అరిచాడు. తల్లి రిమోట్ నొక్కి ఆపేసింది.

"చూడు, ఇదీ నాకు నచ్చనిది. ఆవిణ్ణి కాసేపు కూర్చోనివ్వాల్సింది. ఎవరూ మాట్లాడకుండా."

కూతురు తెర మీద ఆగిపోయిన ఆ ముసలావిడ మొహంవైపు చూసింది. రాసేటప్పుడు గానీ, స్టూడియోలో చప్పట్లు మోగినప్పుడు గానీ తట్టని మాట అది.

"నిజమేనమ్మా. నాకు తోచలేదు."

"ఇంకో సంగతి చెప్పనా? ఆ అబ్బాయి మర్నాడు ఫోన్ చేశాడు."

"ఎవరూ... ఆ దారం అబ్బాయా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఏం చెప్పను? 'దారం దొరికిందా అమ్మా, మా సందులో కొట్టు ఉంది, కావాలంటే తెచ్చిపెడతాను' అన్నాడు. నాకు ఏడుపు రావాలా, నవ్వు రావాలా తెలియక, 'నల్లది దొరికింది బాబూ, తెల్లది అయిపోయింది' అన్నాను."

కూతురు ఒక్క క్షణం బిత్తరపోయి, కడుపు పట్టుకుని నవ్వింది. తల్లికీ నవ్వాగలేదు. నవ్వుతూనే ఇద్దరికీ కళ్ళు కారాయి. తుడుచుకునే తొందర ఎవరికీ లేదు.

"అమ్మా, ఇది రాసుకోనా?"

"ముందు నన్ను అడగాలి."

"అడుగుతున్నాగా."

టైలరమ్మ రిమోట్ పక్కన పెట్టి కూతురి భుజానికి ఆనుకుంది. "రాసుకో. ఆ పక్కింటాయన్ని మాత్రం ఆ సీనులోకి రానివ్వకు."