వైరు తీసేశా

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఇంజన్‌లో చెయ్యి పెట్టేవాడు ముందు "వైరు తీశావా?" అని అడగాలి. బ్యాటరీ దగ్గరున్నవాడు వైరు ఊడదీసి, కళ్లతో చూసి, "తీసేశా, పెట్టు" అనాలి. అన్నయ్య పెట్టిన పద్ధతి అది. ఇరవై ఏళ్లుగా ఆ మాట అని అని, చివరికి చూడకుండానే అనేవాణ్ణి అయ్యాను.

అన్నయ్య పోయిన నెలకి, ఒక మధ్యాహ్నం, వదిన నన్ను షెడ్డుకి పిలిచింది. డీజిల్ పికప్పే ఇప్పుడు ఆమెకు బతుకుతెరువు. కాస్త ఎత్తు ఎక్కితే చాలు, ఇంజన్ ఎసరులా మరిగిపోతోంది. అన్నయ్య సగంలో వదిలేసిన కొత్త కరెంటు ఫ్యాను బిగించిపెట్టమంది.

ఆ ఫ్యానుతో జాగ్రత్తగా ఉండాలి. బండి తాళంచెవి తీసేసినా, ఇంజన్ వేడిగా ఉంటే దానంతటదే తిరుగుతుంది. దాన్ని బిగిస్తూ చెయ్యి పెట్టబోయిన రోజు కూడా అన్నయ్య అలాగే అడిగాడు. నేను ఫోన్ చూసుకుంటూ, "తీసేశా అన్నయ్యా, పెట్టు" అన్నాను. తీయలేదు. రెక్క మణికట్టు కోసేసింది. అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఎత్తు దగ్గర ఇంజన్ మరిగి ఆగిపోయింది. అన్నయ్య నా పక్క సీట్లోనే పోయాడు. వైరు తీయడం ఆయనే మర్చిపోయాడని వదినకు చెప్పాను. పాపం, నమ్మింది.

అందుకే ఈసారి వైరుతో సరిపెట్టుకోలేదు. బ్యాటరీనే ఎత్తి దూరంగా బల్ల మీద పెట్టాను. మూడు బోల్టులు బిగించాను. నాలుగోదాని దగ్గర నా చెయ్యి పట్టలేదు. తన చెయ్యి సన్నం కదా అని వదినే ముందుకొచ్చింది. ఎండకి పైన రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. అంతా డీజిల్ వాసన. వదిన చెయ్యి రెక్కల మధ్యకి పోనిచ్చి, ఆయన పద్ధతి గుర్తొచ్చిందేమో, ఆగి అడిగింది.

"వైరు తీశావా?"

నేను నోరు తెరిచాను. జవాబు మాత్రం ఖాళీగా ఉన్న డ్రైవర్ సీటులోంచి వచ్చింది.

"తీసేశా అన్నయ్యా, పెట్టు."

నా గొంతు... అదే నిర్లక్ష్యం.

వదిన చెయ్యి లోపలే ఉంది. మెల్లగా నా వైపు తిరిగింది.

"ఆ రోజు... నువ్వు తీశానన్నావా?"

చెయ్యి తీసేయ్ వదినా అని అరవబోయాను. నోట్లోంచి గాలే వచ్చింది. మాట రాలేదు. బ్యాటరీ బల్ల మీదే ఉంది. లోపల రెక్క ఒకసారి టక్కుమంది... మళ్లీ ఒకసారి... తిరగడం మొదలుపెట్టింది.

వదిన బతికింది. కుడిచేతికి మూడు వేళ్లు లేవు. నా మొహం చూడదు. నాకు ఆ రోజు పోయిన గొంతు మళ్లీ రాలేదు. లోపమేమీ కనపడటం లేదన్నారు డాక్టర్లు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాతో మాట మాత్రం చెప్పకుండా వదిన బండి అమ్మేసింది. కొన్నతను ఎలాగో నా నంబరు సంపాదించి, ఇందాక మెసేజ్ పెట్టాడు. బండి బాగుందట. బానెట్ ఎత్తి పనికుర్రాణ్ణి "వైరు తీశావా" అని అడగ్గానే, బండే "తీసేశా" అని చెప్పే ఏర్పాటు ఇంకా బాగుందట. అది చెప్పాక మళ్లీ వైరు చూసుకోనక్కర్లేదు కదా అని అడిగాడు.

చెయ్యి పెట్టొద్దని వెంటనే రాశాను. అతను ఇంకా చూడలేదు.