తడి సున్నం విన్న మాట

సైంటిస్టు నస్రీన్ స్కానర్‌ని గోడకి ఆనించి మెల్లగా జరుపుతోంది. స్పీకర్లో ఇంకా బరబర తప్ప మాటల్లేవు.

"తడి సున్నం ఆరేటప్పుడు, గదిలో పుట్టిన ప్రతి శబ్దానికీ దాని రేణువులు అటూ ఇటూ సర్దుకుంటాయమ్మా. ఆరాక అలాగే బిగుసుకుపోతాయి. ఈ లేజర్ ఆ అమరికను చదివి మళ్లీ శబ్దంగా మారుస్తుంది," అందావిడ.

మణిమాలకి సైన్సు అక్కర్లేదు. తమ్ముడు సత్తిబాబుని చంపిందెవరో తేలాలి, అంతే. వాడు పోయిన రోజే ఈ గదికి సున్నం వేశారు. నల్లుల మందు తాగాడన్నారు ఆస్పత్రి వాళ్లు. పెళ్లి కుదిరి, ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగిన కుర్రాడు మందు తాగుతాడా! ముందురోజు వాడి చొక్కా పట్టుకుని కొట్లాడింది ఎవరు? తన మొగుడు జోగారావు. మందు కలిపిన చెంబుని గుట్టుగా తోమి బోర్లించిందీ అతనే. మణిమాల కళ్లారా చూసింది. అడిగితే నోరు విప్పడు. సాక్ష్యం లేదని పోలీసులు వదిలేశారు గానీ, తను వదుల్తుందా?

"మణీ, నీకు దణ్ణం పెడతాను, ఆపించు," అన్నాడు జోగారావు గుమ్మంలోంచి.

"ఏం, భయమేస్తోందా? మీరు జైలుకెళ్లినా సరే, ఇవాళ తేలాల్సిందే. కానివ్వండి మేడమ్!"

బరబర తగ్గింది. ముందు తన గొంతే వినిపించింది. "ఏవండీ, కిటికీలో చెంబులో నల్లుల మందు కలిపాను. ముట్టుకోకండి."

చాలాసేపు ఏవో చప్పుళ్లు. తర్వాత సత్తిబాబు. "వెళ్లొస్తానక్కా!"

వెంటనే ఎవరిదో తుమ్ము. వంటింట్లోంచి తన కేక.

"ఒరేయ్, ఆగు! తుమ్ము వినపళ్లేదూ? కూర్చుని నాలుగు గుక్కలు నీళ్లు తాగి వెళ్లు. కిటికీలో చెంబుంది చూడు!"

గటగటా తాగిన చప్పుడు.

మణిమాల కిటికీ వైపు తిరిగింది. రోజూ మంచినీళ్ల చెంబు ఉండేదీ ఆ కిటికీలోనే. ఇంట్లో ఎవరు తుమ్మినా ఆమె నోటికి అలవాటుగా వచ్చేసే మాట అది. అన్నట్టు కూడా గుర్తులేదు.

"మీకు తెలుసా?" అంది మొగుడితో.

"పెరట్లోంచి విన్నాను. నాకూ అప్పుడు తట్టలేదు మణీ. వాడు పడిపోయాకే తట్టింది."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బతికుండేదానివా, పిచ్చిదానా? నన్ను తిట్టుకుంటూనైనా బతుకుతావనుకున్నాను."

నస్రీన్ చెయ్యి స్విచ్ మీదకి వెళ్లింది. మణిమాల ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఆపకండి మేడమ్. 'వెళ్లొస్తానక్కా' అన్నాడే, ఆ ముక్క మళ్లీ పెట్టండి."