ఇద్దరుంటేనే తెరిచే గది

ఆ గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్ పాయింట్. అందువల్ల పరిచయం తగవుతోనే మొదలైంది.

"ఏవండీ, నా ఛార్జర్ పీకేశారేంటి?" నర్సు నిలదీసింది.

"నా ల్యాప్‌టాప్ ప్రాణం పోయేలా ఉందండీ!"

"ప్రాణాల సంగతి నేను చూసుకుంటాను. మీరు ఫ్రిజ్‌ల సంగతి చూసుకోండి," అంది, అతని చొక్కా మీది సర్వీస్ సెంటర్ ముద్ర చూసి.

ఫ్రిజ్ మెకానిక్ తన ప్లగ్ తీసి ఆమె ఛార్జర్ మళ్లీ పెట్టేశాడు. పెట్టినందుకు బాధా అనిపించలేదు.

అది గణాంకశాస్త్రంలో ఉచిత ఆన్‌లైన్ కోర్సు. లక్షలమంది చేరారట. ఊళ్లో చేరినవాళ్లు కలిసి చదువుకునేందుకు లైబ్రరీ ఆదివారాలు ఒక గది ఇచ్చింది. మొదటివారం కుర్చీలు చాలలేదు. లెక్కలు ముదిరేకొద్దీ ఒక్కొక్కరే జారుకున్నారు. ఉచితంగా దొరికిన చదువును వదిలెయ్యడమూ ఉచితమే కదా! చివరికి వీరిద్దరే మిగిలారు.

"ఇద్దరుంటేనే గది. ఒక్కరికోసం లైట్లు వెయ్యను," అని లైబ్రేరియన్ తేల్చేసింది. ఆవిడ నర్సుకు మేనత్త.

నిజానికి మెకానిక్ మూడో పాఠంలోనే చేతులెత్తేశాడు. వీడియోలోని ప్రొఫెసర్ పండితుడే గాని, ఎదుటివాడి ముఖం చూడలేడు. సందేహం రాసి పంపితే 'పాఠం మళ్లీ చూడండి' అన్న జవాబు వచ్చింది. అయినా అతడు రావడం మానలేదు. తాను మానేస్తే గది మూతపడుతుంది. మూతపడితే ఆమె కనబడదు. ఈ తర్కానికి గణాంకాలు అక్కర్లేదు.

చివరి పాఠం నాడు వాన దంచికొట్టింది. ఆమె పెన్ను జారి కిందపడింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నా, అతడు ఆ చప్పుడు విని టక్కున అందించాడు. ఆమె అనుమానంగా వైరు వెంట వేలు పోనిచ్చింది. రెండో కొన గాలిలో వేలాడుతోంది.

"ఏం వింటున్నారు?"

"వాన."

"ప్రతివారం వానేనా?"

"పాఠాలు బుర్రకెక్కడం ఎప్పుడో ఆగిపోయిందండీ. మీ చదువు ఆగకూడదని వస్తున్నా." ఇయర్‌ఫోన్లు తీసేశాడు. "అది సగమే నిజం. మీరు కనిపిస్తారని వస్తున్నా. వచ్చేవారం నుంచి ఈ సాకు కూడా ఉండదు."

ఆమె తన ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది. తెరమీద కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్ ఉంది.

"అయిపోయిందా!"

"పోయిన నెలే. పాఠాలన్నీ ముందే చూసేశాను. ఆస్పత్రిలో ఇది చూసి నన్ను రికార్డుల సెక్షన్‌కి కూడా మార్చారు."

"మరి పోయిన ఆదివారం వీడియో చూస్తూ పగలబడి నవ్వారు?"

"అది పిల్లుల వీడియో." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నేను రాకపోతే మీ చదువు ఆగిపోతుందని..."

"సగమే నిజమా?"

"సగం కూడా కాదు. జరగండి, మూడో పాఠం తీయండి. అర్థం కాకపోతే మీ ముఖం చూసి పట్టేస్తాను."

ఆమె కుర్చీ అతని పక్కకు చేరింది. అతడు ఈసారి నిజంగానే విన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు, అందులో కొంత చదువు మీది శ్రద్ధ.

గుమ్మంలో లైబ్రేరియన్ చేతి తాళాలు గలగలమన్నాయి.

"ఇద్దరికీ ఒక్క ల్యాప్‌టాప్ చాలుతోందే! బాబూ, మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికోసారి రా."

"అత్తా! ఇతని కోర్సు ఇంకా కాలేదు!"

"కానివ్వవే తల్లీ. ఇంట్లో ప్లగ్ పాయింట్లు బోలెడున్నాయి."