జిగురు లేని బెడ్ లైటు

“విషవాయువు. ఒకే ఒక్క బెడ్ లైటులో,” అన్నాడు చీఫ్. “స్విచ్ వేస్తే క్యాప్సూల్ పగులుతుంది.”

ఏజెంట్ పిచ్చుక కుర్చీలోంచి లేచింది. “ఎక్కడ సార్?”

“ప్రైమరీ స్కూలు హాల్లో. పిల్లలకి తలా ఒకటి పంచుతున్నారు. మొక్కజొన్న పిండితో చేసిన ప్లాస్టిక్. చెడిపోతే విప్పి బాగుచేసుకోవచ్చు, పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. ఏడాదికే పాడయ్యే లైట్లు అమ్ముకునే విదేశీ ముఠాకి అది కడుపుమంట. ఇవాళ పిల్లలు పడిపోతే నింద ఆ ప్లాస్టిక్ మీదికే పోతుంది.”

“హాలు ఖాళీ చేయించండి!”

“వాళ్ళ మనిషి లోపలే ఉన్నాడు, జేబులో రిమోట్‌తో. అనుమానం వస్తే నొక్కేస్తాడు. కబురు పంపింది నెమలి. ఆ లైటు డిజైన్ చేసింది ఆవిడే. ముఠాలోనూ ఉంది, మనతోనూ ఉంది. అసలు ఎటువైపో దేవుడికే తెలియాలి.”

“ఆ స్కూల్లోనే మా పాప చదువుతోంది సార్.”

“తెలుసు. పిల్లల తల్లిని ఎవరూ అనుమానించరు.” గాలి చొరబడని స్టీలు టిఫిన్ డబ్బా చేతికిచ్చాడు. “లోపల ఏం పగిలినా దీని మూత ఊడదు.”

దారంతా పిచ్చుకకు చెడే తోచింది. పాపకు నిన్ననే జ్వరం తగ్గింది. ఇవాళ ఇంట్లోనే ఉంచేసి ఉంటే!

పాప రెండో వరుసలో, ఒళ్ళో లైటు పెట్టుకుని కూర్చుంది. పిచ్చుక చేతిగాజులో దాచిన డిటెక్టర్ కిక్కురుమనలేదు; క్యాప్సూల్ పగిలితే తప్ప అది వాయువును పసిగట్టలేదు. వేదిక మీద నెమలి: ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళజోడు. పక్కనే కోటు మనిషి. అతని కుడిచెయ్యి జేబులోంచి బయటికి రావడం లేదు.

“పిల్లలూ, మన లైటులో స్క్రూ లేదు, జిగురు చుక్క లేదు,” అంది నెమలి మైకులో. “రెండు పక్కలా నొక్కితే దేనికది విడిపోతుంది.” కళ్ళజోడు తీసి, సూటిగా పిచ్చుకను చూసింది. “జిగురు ఉంటే అది నా లైటు కాదు.”

పిచ్చుకకు విషయం వెలిగింది. క్యాప్సూల్ ఉన్నదాన్ని ఎవరూ విప్పకుండా అతికించి ఉంటారు! కానీ ఈవిడ మాట నమ్మడమా? నమ్మకపోతే మాత్రం ఇంకో దారేది?

కోటు మనిషి మైకు లాక్కున్నాడు. “ఇక అందరూ స్విచ్...”

“ఆగండాగండి!” పిచ్చుక లేచింది. “విప్పడం ముందు నేర్పండి బాబూ! మా పాప ఏ వస్తువైనా ఇంటికి చేరేలోపే విరగ్గొడుతుంది!”

తల్లులంతా నవ్వారు. కోటు మనిషికీ నవ్వక తప్పలేదు.

“స్విచ్ ముట్టుకోకుండా, పక్కల నొక్కండి,” అంది నెమలి.

హాలంతా టకటకలు. లైట్లన్నీ ముక్కలుగా విడిపోయాయి.

“అమ్మా, నాది రావట్లేదే!”

పాప!

“స్విచ్ వేస్తే వస్తుందేమో...” పాప బొటనవేలు స్విచ్ మీదికి వెళ్ళింది.

“ఇటు తే ముందు!” పిచ్చుక లైటు లాక్కుని డబ్బాలో పడేసి మూత బిగించింది. కోటు జేబు కదిలింది. డబ్బాలో ‘టప్’మంది. మూత ఊడలేదు. నెమలి ఎత్తుమడమ చెప్పుతో అతని పాదాన్ని కసిగా తొక్కింది. మిగతా పని గుమ్మం దగ్గర మఫ్టీలో ఉన్న చీఫ్ మనుషులు చూసుకున్నారు.

“నా బిడ్డ ఒళ్ళోకే ఎందుకొచ్చిందది?” పిచ్చుక నెమలిని నిలదీసింది.

“పంచింది నేను కాదు. క్యాప్సూల్ పెట్టింది వాళ్ళు, మూసింది నేను. జిగురు తప్ప ఇంకో గుర్తు పెట్టనివ్వలేదు,” అంది నెమలి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంటూ. ఆవిడకు దండం పెట్టాలో, చెంప పగలగొట్టాలో పిచ్చుకకు తెలియలేదు. పాపను మాత్రం వదల్లేదు.

చెవికమ్మలో చీఫ్ గొంతు. “శభాష్! డబ్బా జాగ్రత్తగా ఆఫీసుకి తీసుకురా.”

“తెస్తాను గానీ, దాని మీద ‘తెరవొద్దు’ అని పెద్దక్షరాలతో రాయించండి సార్. మన ఆఫీసులో పక్కవాళ్ళ టిఫిన్ మూత తీసి చూడని ఏజెంటు ఒక్కడూ లేడు!”